నదిని కంఠస్థం చేసిన కుర్రవాడు: మార్క్ ట్వేన్ ‘లైఫ్ ఆన్ ది మిసిసిపీ’ - విమర్శనాత్మక పరిశీలన

పరిచయం

కిందటి భాగంలో ఆత్మకథకూ, జ్ఞాపకాల రచనకూ ఉన్న తేడాను తెలుసుకున్నారు. పని నేర్చుకోవడమే కథావస్తువైన ఒక పుస్తకాన్ని ఈ భాగంలో పరిశీలిద్దాం. మీలో చాలామంది ఉద్యోగం చేసుకుంటూ, రాత్రిపూటో ఆదివారాల్లోనో ఈ పాఠాలు చదువుతుంటారు. ‘అనుభవమే గురువు’ అన్న మాట మీకు కొత్త కాదు. ఈ పుస్తకం మీద వచ్చిన ప్రశంసల్లో ఎక్కువ భాగం ఆ మాటకు ఇది గొప్ప ఉదాహరణ అనే చెబుతాయి. ఆ ప్రశంసలో సగమే నిజమని నా అభిప్రాయం. మిగతా సగం ఎందుకు నిజం కాదో పుస్తకంలోని ఘట్టాల ఆధారంగా చూద్దాం.

శామ్యూల్ క్లెమెన్స్ 1835లో పుట్టాడు. మార్క్ ట్వేన్ అన్నది కలం పేరు. ఆ పేరు కూడా ఈ వృత్తి నుంచి వచ్చిందే. స్టీమరు ముందు భాగంలో నిలబడి, సీసపు గుండు కట్టిన తాడును నీటిలోకి వదిలి లోతు కొలిచేవాళ్ళు, తాడు మీది రెండో గుర్తు తడిస్తే వేసే కేక అది. రెండు బారల లోతు, అంటే 12 అడుగులు ఉందని దాని అర్థం. స్టీమరు క్షేమంగా సాగడానికి ఆ లోతు చాలు. 1857లో అతడు హొరేస్ బిక్స్‌బీ అనే పైలట్ చేతికింద చేరాడు. 1859లో లైసెన్సు పొందాడు. 1861లో అంతర్యుద్ధం మొదలై నది మీద రాకపోకలు ఆగిపోవడంతో ఆ ఉద్యోగం ముగిసింది. ఆ రోజుల జ్ఞాపకాలను 1875లో ‘అట్లాంటిక్ మంత్లీ’ పత్రికలో వరుసగా ప్రచురించాడు. 1882లో మళ్ళీ నది మీద ప్రయాణం చేసి, ఆ కొత్త భాగాన్ని కూడా చేర్చి 1883లో పుస్తకంగా వెలువరించాడు. పత్రికలో వచ్చిన భాగం పుస్తకంలో 4 నుంచి 17 వరకు గల అధ్యాయాలు. మన పరిశీలన ముఖ్యంగా వాటి మీదనే.

‘పైలట్’ అనగానే మనకు విమానం గుర్తుకు వస్తుంది. గోదావరి లాంచీల మీద ఈ పని చేసేవాణ్ణి ‘సరంగు’ అంటాం. ఆ మాటే వాడుకుంటే బాగుండేది. కాని మిసిసిపీ పైలట్ హోదా వేరు. స్టీమరు ఒడ్డు వదిలి నదిలోకి వచ్చిన తరువాత దాన్ని ఎటు నడపాలన్నది పైలట్ ఇష్టం, కెప్టెన్ కూడా అడ్డు చెప్పలేడు. జీతం నెలకు 150 నుంచి 250 డాలర్ల దాకా ఉండేదని ట్వేన్ రాశాడు. అందుకే పైలట్ అన్న మాటనే ఉంచుతున్నాను. పని నేర్చుకునే కుర్రవాణ్ణి అక్కడ ‘కబ్’ అనేవారు. ఎలుగుబంటి పిల్లకూ అదే మాట.

నోటుపుస్తకంలోని ఖాళీలు

అమెజాన్ నదికి వెళ్ళి అన్వేషకుడవుదామని బయలుదేరిన కుర్రవాడికి న్యూ ఆర్లియన్స్ చేరాక అటు వెళ్ళే ఓడ దొరకదు, జేబులో డబ్బూ మిగలదు. తాను వచ్చిన స్టీమరు పైలట్‌నే పట్టుకుని మూడు రోజులు బతిమాలి పని నేర్పడానికి ఒప్పిస్తాడు. న్యూ ఆర్లియన్స్ నుంచి సెయింట్ లూయిస్ దాకా సుమారు 1,200 మైళ్ళ నదిని నేర్పడానికి 500 డాలర్లు. నది ఇంత వెడల్పున కనిపిస్తుండగా స్టీమరును నీళ్ళలో ఉంచడం ఏమంత కష్టమని అప్పట్లో అనుకున్నానని ట్వేన్ నవ్వుతూ ఒప్పుకుంటాడు.

మొదటి ప్రయాణంలో బిక్స్‌బీ అప్పుడప్పుడు ఒడ్డును చూపిస్తూ ఇది ఫలానా పాయింటు, అది ఫలానా పాయింటు అని పేర్లు చెబుతుంటాడు. కుర్రవాడు మర్యాదకు వింటాడు. ఏదో కబుర్లు చెబుతున్నాడనుకుంటాడు తప్ప అది పాఠమని అతడికి తట్టదు. తరువాతి కాపలాలో బిక్స్‌బీ ఆ పేర్లు అడుగుతాడు. ఒక్కటీ రాదు. బిక్స్‌బీకి ఒళ్ళు మండిపోతుంది. అదే సమయానికి ఎదురుగా వచ్చిన ఒక సరుకుల పడవ వాళ్ళ మీద ఆ కోపమంతా కుమ్మరించి, తిట్లు అయిపోయాక చల్లబడి, ఒక చిన్న నోటుపుస్తకం కొనుక్కుని చెప్పిందల్లా వెంటనే రాసుకొమ్మని మెత్తగా చెబుతాడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. మొదటి కాపలాలో కుర్రవాడికి అనుభవం తక్కువేమీ కాలేదు. నదిని చూశాడు, పేర్లు విన్నాడు, నాలుగు గంటలు పైలట్ పక్కనే నిలబడ్డాడు. అయినా ఏమీ నేర్చుకోలేదు. అనుభవం పాఠంగా మారింది ఎవరో తిరిగి ప్రశ్నించినప్పుడే. ప్రశ్న వస్తుందని తెలిశాక వినడమే మారిపోయింది. ఒకే ఉద్యోగంలో 20 ఏళ్ళు చేసినవాళ్ళలో కొందరు పని లోతు తెలిసినవాళ్ళుగానూ, కొందరు మొదటి ఏడాదినే ఇరవైసార్లు చేసినవాళ్ళుగానూ ఎందుకు మిగులుతారో ఆలోచించేటప్పుడు ఈ ఘట్టం మీకు పనికి వస్తుంది.

సెయింట్ లూయిస్ చేరేసరికి నోటుపుస్తకం నిండిపోతుంది. పట్టణాలు, పాయింట్లు, ఇసుక మేటలు, దీవులు, వంపులు అన్నీ అందులో ఉన్నాయి. కాని అవన్నీ పుస్తకంలోనే ఉన్నాయి, కుర్రవాడి బుర్రలో లేవు. పైగా అందులో ఉన్నది సగం నదే. నాలుగు గంటల పని, నాలుగు గంటల విశ్రాంతి లెక్కన, అతడు పడుకున్న ప్రతిసారీ దాటిపోయిన నది పుస్తకంలో ఖాళీగా మిగిలిపోయింది. ఈ వివరం చదవగానే నవ్వు వస్తుంది. కాని పని చేస్తూ నేర్చుకునే ప్రతివారి జ్ఞానం ఇలాగే ఉంటుంది. మన వంతు పనివేళల్లో జరిగిందే మనకు తెలుసు. రాత్రి షిఫ్టులో ఏం జరుగుతుందో పగటి షిఫ్టు నర్సుకు అనుభవం చెప్పదు. ఆ పేజీలను ఇంకొకరి నుంచి నింపుకోవలసిందే. ఈ అంశాన్ని గుర్తుంచుకోండి, కొద్దిసేపట్లో మళ్ళీ దీని దగ్గరికి వస్తాం.

బిక్స్‌బీ బోధన

పేర్లు వచ్చాయనుకున్న రోజున బిక్స్‌బీ వాల్‌నట్ బెండ్ అనే వంపు ఆకారం ఎలా ఉంటుందని అడుగుతాడు. చీకటిలో పేర్లు కనబడవు, ఆకారమే దిక్కు. ఆ ఆకారమైనా ఒకటి కాదు. చుక్కల వెలుగులో ఒడ్డు ఒకలా, కటిక చీకటిలో మరొకలా, మంచులో ఇంకొకలా కనిపిస్తుంది. వీటన్నిటినీ నేర్చుకోవాలా అని కుర్రవాడు గుండె జారిపోయి అడిగితే, అక్కర్లేదు, కళ్ళకు ఏది కనిపించినా లెక్కచేయకుండా తలలో ఉన్న ఆకారాన్ని బట్టే నడపాలి అంటాడు. మన ఇంట్లో దీపం లేకపోయినా వసారాలోంచి నడిచిపోతాం చూడండి, అలాగన్న మాట. ఇది వచ్చింది అనుకునేసరికి ఒడ్లు కోసుకుపోయి ఆకారమే మారుతుంటుందని తెలుస్తుంది. ఆ తరువాత లోతులు. ఆపైన నీటి ఉపరితలం. ప్రతి మెట్టు దగ్గరా కుర్రవాడు ఇక చాలు, నా వల్ల కాదు అంటాడు. ప్రతి మెట్టు దగ్గరా బిక్స్‌బీ ఇంకొకటి ఉందంటాడు.

ఈ అధ్యాయాల బిగువంతా ఈ క్రమంలోనే ఉంది. ట్వేన్ హాస్యం అతిశయోక్తి మీద నడుస్తుంది, నిజమే. కాని మెట్ల వరుస మాత్రం కల్పన కాదు, వృత్తి అలా నేర్చుకునేదే. డేవిడ్ కోల్బ్ 1984లో ప్రతిపాదించిన అనుభవ చక్రాన్ని మీరు విద్యాశాస్త్ర పాఠాల్లో చదివి ఉంటారు: అనుభవం, ఆలోచన, సూత్రీకరణ, ప్రయోగం, మళ్ళీ అనుభవం. అది బొమ్మగా గీయడానికి బాగుంటుంది. మిసిసిపీ మీద మాత్రం చక్రం తిరిగి మొదటికి వచ్చేసరికి నది అక్కడ ఉండదు.

నీటి ఉపరితలం గురించిన ఘట్టం ముఖ్యమైనది. నీటి అడుగున నిటారుగా ఇసుక గట్టు ఉంటే పైన ఒక గీత కనిపిస్తుంది. స్టీమరు దానికి తగిలితే ప్రమాదం. గాలి వీచినప్పుడు కూడా అచ్చం అలాంటి గీతే లేస్తుంది. దాని వల్ల ఏ హానీ లేదు. కుర్రవాడు ఒకసారి ఒంటరిగా చక్రం పట్టుకుని ఉండగా అలాంటి గీత చూసి హడలిపోయి స్టీమరును పక్కకు తిప్పుతాడు. బిక్స్‌బీ వచ్చి, దాని మీద నుంచే పోనివ్వమంటాడు. ఏమీ కాదు, అది గాలి గీత. మరి రెంటికీ తేడా ఏమిటి? చెప్పలేను, కొన్నాళ్ళకు నీకే తెలుస్తుంది, కాని ఎలా తెలిసిందో నువ్వూ చెప్పలేవు అన్నదే బిక్స్‌బీ సమాధానం. మాటల్లో పెట్టలేని జ్ఞానం గురించి మైకేల్ పొలానీ 1966లో పుస్తకం రాశాడు. ట్వేన్ దానికి 90 ఏళ్ళ ముందే ఆ సంగతిని ఒక చిన్న సంభాషణలో చూపించాడు. మీ ఇంట్లో పెద్దవాళ్ళను పాకం ఎప్పుడు దించాలో అడిగి చూడండి. చూస్తే తెలియదూ అంటారు.

మరొక ఘట్టం. లోతుకు అంతే లేదని అందరికీ తెలిసిన ఒక చోట, కుర్రవాడి ధైర్యం పరీక్షించడానికి బిక్స్‌బీ చాటున దాక్కుని, లోతు కొలిచేవాళ్ళ చేత తప్పుడు అంకెలు అరిపిస్తాడు. చూడటానికి జనాన్ని కూడా పోగుచేస్తాడు. కుర్రవాడు వణికిపోయి, స్టీమరును వెనక్కి నడపమని ఇంజనీరును ప్రాధేయపడతాడు. అందరూ పగలబడి నవ్వుతారు. నీకు తెలిసినదాన్ని ఎవరు కదిలించబోయినా కదలనివ్వకూడదు, ప్రమాదంలో పిరికివాడివి కాకూడదు అని బిక్స్‌బీ చెబుతాడు. చాలామంది విమర్శకులు దీన్ని గొప్ప బోధన అంటారు. నాకు మాత్రం సందేహమే. లోతు కొలిచేవాడి కేకను నమ్మకపోతే స్టీమరు నడవదు. ఆ కేకను నమ్మమని నేర్పిన గురువే దాన్ని అబద్ధం చేశాడు. ఆత్మవిశ్వాసం నేర్పడానికి సాటి పనివారి మీది నమ్మకాన్ని ఫణంగా పెట్టడం సరైన బేరమేనా? ట్వేన్ ఈ ప్రశ్న వేయడు. చాలా రోజులపాటు తనను అందరూ ఏడిపించారని చెప్పి ముందుకు సాగిపోతాడు.

బిక్స్‌బీ విలువ తెలియాలంటే బ్రౌన్ పక్కన నిలబెట్టి చూడాలి. కొంతకాలం బిక్స్‌బీ తన శిష్యుణ్ణి ఇతర పైలట్లకు అప్పగిస్తాడు. ‘పెన్సిల్వేనియా’ స్టీమరు మీద దొరికిన బ్రౌన్ కూడా నదిని ఎరిగినవాడే, జ్ఞాపకశక్తిలో అసాధ్యుడు. ఏదీ మరచిపోలేడు, అందుకే ఏది ముఖ్యమో ఏది కాదో అతడికి తేడా తెలియదు. ఏదో చెప్పబోయి ప్రతి మనిషి బంధువుల చరిత్రలోకీ వెళ్ళిపోతాడు. కుర్రవాణ్ణి పొద్దస్తమానం హింసిస్తాడు. రాత్రి పడుకుని బ్రౌన్‌ను రకరకాలుగా చంపుతున్నట్టు ఊహించుకోవడమే కుర్రవాడికి మిగిలిన వినోదం. చివరికి బ్రౌన్ తన తమ్ముడు హెన్రీని కొట్టబోయినప్పుడు అతడు తిరగబడి బ్రౌన్‌ను కొడతాడు, ఆ స్టీమరు వదిలి వేరే స్టీమరెక్కుతాడు. హెన్రీ మాత్రం అందులోనే ఉండిపోయాడు. 1858 జూన్‌లో ‘పెన్సిల్వేనియా’ బాయిలర్లు పేలాయి. హెన్రీ మెంఫిస్‌లో చనిపోయాడు. ఆ అధ్యాయంలో ట్వేన్ హాస్యం పూర్తిగా మాయమవుతుంది. పని నేర్చుకునే చోటు ప్రాణాలు తీసే చోటు కూడా కాగలదని పుస్తకం బిగ్గరగా చెప్పదు, చూపిస్తుంది.

బల్ల మీద చోటు

ఇప్పుడు నోటుపుస్తకంలోని ఖాళీల దగ్గరికి తిరిగి వద్దాం. వాటిని ఎలా నింపుకున్నారు?

నీరు తగ్గిన కాలంలో పని లేని పైలట్లు ఇతర స్టీమర్లెక్కి ఉచితంగా ప్రయాణం చేసేవారు. నదిని చూడటానికి అన్నది వాళ్ళ కారణం. పైలట్ గదిలో వెనుక బల్ల మీద కూర్చుని ఇసుక మేటలు ఎక్కడికి జరిగాయో మాట్లాడుకునేవారు. బిక్స్‌బీ హ్యాట్ ఐలండ్ దగ్గర చీకటిలో, అడుగు ఇసుకను రాసుకుంటూ స్టీమరును దాటించినప్పుడు వాళ్ళంతా ఊపిరి బిగబట్టి చూస్తారు. కుర్రవాడు నదిని మాత్రమే కాదు, ఆ చూసేవాళ్ళ ముఖాలను కూడా చూస్తున్నాడు. మంచి పని అంటే ఏమిటో అతడికి అక్కడ తెలిసింది. జీన్ లేవ్, ఎటియెన్ వెంగర్ 1991లో రాసిన పుస్తకంలో దీనికి సరిగ్గా వ్యతిరేకమైన ఉదాహరణ ఉంది. అమెరికా సూపర్‌మార్కెట్లలో మాంసం కోసే పని నేర్చుకునేవాళ్ళను పొట్లాలు కట్టే యంత్రం దగ్గర పెట్టారు. నిపుణులు కోసే చోటు అక్కడి నుంచి కనబడదు. ఏళ్ళు గడిచినా పొట్లాలు కట్టడమే వచ్చింది. ఉద్యోగంలో చేరగానే మిమ్మల్ని ఏ కుర్చీలో కూర్చోబెట్టారు, అక్కడి నుంచి ఏం కనిపించేది అన్నది చిన్న సంగతి కాదు.

15వ అధ్యాయంలో ఇదే ప్రశ్న పెద్దదవుతుంది. పైలట్లు ఎక్కువై జీతాలు పడిపోతుంటే కొందరు కలిసి సంఘం పెట్టుకుంటారు. మొదట అందరూ నవ్వుతారు. తరువాత గిరాకీ పెరిగి, సభ్యులు సభ్యులు కానివారితో కలిసి పనిచేయమని కూర్చుంటారు. రేవుల్లో తాళం వేసిన పెట్టెలు పెట్టి, ప్రతి సభ్యుడూ తాను దాటి వచ్చిన నది పరిస్థితిని కాగితం మీద రాసి వాటిలో వేయాలని నియమం చేస్తారు. తాళంచెవులు సభ్యులకే. దీంతో ఒక్కొక్కరి అనుభవం అందరిదీ అయింది, పడుకున్న నాలుగు గంటల ఖాళీ కూడా నిండింది. ప్రమాదాలు తగ్గాయి. బీమా కంపెనీలు సంఘం పైలట్లే కావాలన్నాయి. ఇంకో వైపు చూడండి. ఒకరికి లైసెన్సు రావాలంటే లైసెన్సున్న ఇద్దరు పైలట్లు దరఖాస్తు మీద సంతకం చేయాలన్నది చట్టం. సంతకం చేయగలవాళ్ళంతా సంఘంలోనే ఉన్నారు. కొత్త పైలట్ల పుట్టుక ఆగిపోయింది. జ్ఞానాన్ని అందరికీ పంచిన పెట్టె, బయటివాళ్ళకు మూసిన తలుపు ఒక్కటే. ట్వేన్ దీన్ని మెచ్చుకుంటూ రాశాడు. పుస్తకంలో నాకు అన్నిటికన్నా నచ్చిన అధ్యాయం కూడా ఇదే. కాని ఆ మెప్పులో బయట నిలబడినవాడి గొంతు వినబడదు.

వినబడని గొంతులు మరికొన్ని ఉన్నాయి. ఆ స్టీమర్ల మీద పొయ్యిల్లో కట్టెలు వేసినవాళ్ళలో, సరుకు మోసినవాళ్ళలో నల్లజాతివారు చాలామంది. వాళ్ళలో బానిసలూ ఉన్నారు. స్టీమరు రేవు వదిలేటప్పుడు పాటందుకునే గుంపుగా వాళ్ళు పుస్తకంలో కనిపిస్తారు. వాళ్ళకు కూడా ఏదో ఒక పని తెలుసునని, దాన్ని వాళ్ళూ ఎవరి దగ్గరో నేర్చుకున్నారని ఈ అధ్యాయాల్లో లేదు. పైలట్ గదిలో శిష్యుడిగా నిలబడే చోటు తెల్ల కుర్రవాళ్ళదే. తరువాతి కాలంలో ‘హకల్‌బెరీ ఫిన్’ రాసిన రచయితకు ఇది తెలియని విషయం కాదు.

తన సంగతి చెప్పుకోవడంలో కూడా ట్వేన్ కొంత దాచాడు. 500 డాలర్లూ ఉద్యోగం వచ్చాక మొదటి జీతాల్లోంచి తీర్చే ఒప్పందమని పుస్తకంలో ఉంది. ముందుగా 100 డాలర్లు కట్టాడని, ఆ డబ్బు అక్క భర్త దగ్గర అప్పు తెచ్చాడని జీవిత చరిత్రకారులు చెబుతారు. పుస్తకంలో కుర్రవాడు ఏమీ తెలియని పసివాడిలా కనిపిస్తాడు. నిజానికి అప్పటికి అతడికి 21 ఏళ్ళు. అచ్చుపనిలో శిష్యరికం చేసి, న్యూయార్క్, ఫిలడెల్ఫియాలలో కంపోజిటరుగా పనిచేసి వచ్చినవాడు. ఒక వృత్తిని నేర్చినవాడు రెండో వృత్తిని నేర్చుకుంటున్న కథ ఇది. పసివాడి వేషం హాస్యానికి అవసరమే. దాన్ని నిజమని నమ్మితే మాత్రం, చేతిలో డబ్బూ వెనుక మనిషీ లేకుండా పట్టుదల ఒక్కటుంటే చాలునన్న తప్పుడు పాఠం మీకు అందుతుంది.

సూర్యాస్తమయం గురించి ఒక అభ్యంతరం

9వ అధ్యాయం చివరి భాగం చాలా పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. పని రాని రోజుల్లో చూసిన ఒక సూర్యాస్తమయాన్ని ట్వేన్ వర్ణించి, పని వచ్చాక అదే దృశ్యంలో తనకు రేపటి గాలి, నీటి అడుగున మొద్దు, కరిగిపోతున్న ఇసుక మేట మాత్రమే కనిపించాయంటాడు. నది భాష వచ్చింది, అందం పోయింది అని విచారిస్తాడు. అందమైన ముఖంలోని ఎరుపు వైద్యుడికి జబ్బు లక్షణంగా కనిపిస్తుంది కదా అని వైద్యుల మీద జాలి కూడా పడతాడు.

ఇది చక్కని రచన. వాదంగా మాత్రం నిలవదు. అందుకు సాక్షి ట్వేనే. 1882 ప్రయాణంలో, 30వ అధ్యాయంలో, తెల్లవారుజామున నాలుగింటి కాపలాతో పాటు తనను లేపించుకుని మరీ మిసిసిపీ సూర్యోదయాలు చూశానని రాశాడు. ఆ వర్ణన ముందుదానికి ఏమాత్రం తీసిపోదు. నదిని చదవడం వచ్చినవాడే అది రాయగలడు. మరి అందం ఎక్కడికి పోయి తిరిగి వచ్చింది? 1882లో అతడి చేతిలో చక్రం లేదు. కళ్ళ ముందు నుంచి అందాన్ని తప్పించింది జ్ఞానం కాదు, బాధ్యత. కాపలా దిగిపోయాక అది తిరిగి వచ్చింది. ఈ రెండు అధ్యాయాలను పక్కపక్కన పెట్టకుండా మొదటిదాన్ని ఒక్కదాన్నే పాఠ్యాంశం చేయడం వల్ల, పని నేర్చుకుంటే మనసు మొద్దుబారుతుందన్న అభిప్రాయం విద్యార్థుల్లో బలపడింది. పత్తి చేలో ఆకు వెనుక పురుగును చూసే రైతు ఆ చేను అందం చూడడని ఎవరన్నారు?

1882 నాటికి నది మారిపోయింది. ఒడ్ల వెంట ప్రభుత్వం దీపాలు పెట్టింది, మొద్దులు తీసేసింది. చీకటిలో ఆకారాన్ని తలలో మోసే అవసరం తగ్గింది. 28వ అధ్యాయంలో ఒక చిన్న వార్త ఉంది. బిక్స్‌బీ మరొక పైలట్‌తో కలిసి నదిని దాటే దారులన్నిటికీ దిక్సూచి ఆధారంగా పటం తయారుచేసి, దానికి తోడు ఒక దీపం కూడా కనిపెట్టి, పేటెంటు తీసుకున్నాడట. నదినంతా బుర్రలో పెట్టుకోవాలని కుర్రవాణ్ణి ఏడిపించిన గురువే ఆ బుర్రను కాగితం మీదికి దించాడు. ట్వేన్ ఈ వార్తను రెండు మూడు వాక్యాల్లో దాటేశాడు. పాత రోజుల మీద అంత బెంగ పెట్టుకున్న రచయిత ఇక్కడ ఆగకపోవడం ఆశ్చర్యం.

పుస్తకం చదివేటప్పుడు 15, 28 అధ్యాయాలను వెంటవెంటనే చదవండి. బిక్స్‌బీ పటం సంఘం పెట్టె తాళాన్ని తెరిచిందా, లేక పేటెంటుతో ఇంకొక తాళం వేసిందా? మీ సమాధానాన్ని 250 మాటల్లో రాసి, సంప్రదింపు తరగతికి తీసుకురండి. మీ ఉద్యోగంలో అలాంటి పెట్టె ఒకటి ఉంటే, దాని తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో కూడా రాయండి.